కేక వేయని బౌలరు

ఆయన పోయిన సంగతి నాకు మూడో రోజున తెలిసింది. ఆ సాయంత్రం మా బడి మైదానంలో కబడ్డీ గీతలకు పిల్లల చేత సున్నం పోయిస్తున్నాను. పాత విద్యార్థి ఒకడు ఏదో సర్టిఫికెట్టు కోసం ఆఫీసు గదికి వచ్చి, పని చూసుకుని నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. వాడిప్పుడు బిట్రగుంట స్టేషను దగ్గర ఆటో తోలుతున్నాడు.

"మేడం, ఆ క్రికెట్ తాత పోయినాడు. మీకు తెలుసునా?" అన్నాడు.

"ఏ తాత?" అన్నాను. తెలిసే అడిగాను.

"అదే మేడం, వీడియోలో తాత. మట్టి కూడా చేసేసినారు."

సున్నం డబ్బా పిల్లల చేతికిచ్చి గట్టు మీద కూర్చున్నాను. నలభై ఏళ్ళ క్రితం బిట్రగుంట రైల్వే కాలనీలో ప్రతి మగపిల్లవాడూ ఆ మనిషిలా నడవాలని చూసేవాడు. ఇప్పుడు ఆయనకు మిగిలిన పేరు వీడియోలో తాత. ఆ పేరు పెట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆయన అసలు పేరు ఇక్కడ రాయను. వీడియో కింద ఎవరో ఆ పేరు పెట్టారు, దాని కింద వందమంది నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. ఇంకోసారి దాన్ని బజార్లో పెట్టే హక్కు నాకు లేదు.

మా నాన్న రైల్వేలో గుమాస్తా. ఆదివారం ఆరాధన అయిపోగానే చర్చి బట్టల్లోనే నేరుగా మైదానానికి వెళ్ళి, వేపచెట్టు కింద బల్ల వేసుకుని మ్యాచ్ స్కోరు రాసేవాడు. నాకప్పుడు పదేళ్ళు. పెన్సిళ్ళు చెక్కి ఇవ్వడం నా పని. ఆ బల్ల దగ్గరి నుంచి చూస్తే ఆయన పరిగెత్తుకుంటూ మా మీదికే వస్తున్నట్టుండేది.

ఆయన లోకో షెడ్డులో ఖలాసీ. పొడుగ్గా, సన్నగా, మెడ కొంచెం ముందుకు వంచి నడిచేవాడు. ఎడమచేత్తో బౌలింగ్. ఎంత తోమినా గోళ్ళ సందుల్లో బొగ్గు పోయేది కాదు. బంతిని ఎడమ తొడకు రుద్దీ రుద్దీ తెల్ల ప్యాంటు మీద ఎర్రటి చార పడేది, ఆ ఎరుపు మీద వేళ్ళ నలుపు. వాళ్ళక్క బావి దగ్గర ఆ ప్యాంటు ఉతుకుతూ, "ఈ మరక పోవాలంటే ప్యాంటన్నా పోవాల, వీడన్నా మానాల" అని సణగడం మా అమ్మ కూడా విన్నది. కాలనీ పిల్లలు ఎర్ర పెన్సిలు ముక్కు అరగదీసి ఆ పొడి నిక్కర్లకు పూసుకునేవాళ్ళు. నేను నా గౌనుకు పూసుకున్నాను. అమ్మ వీపు మీద రెండు వేసి, గౌను నానబెట్టింది.

బంతి వేసి వెనక్కి నడిచేటప్పుడు ఆయన పెదవులు కదిలేవి. ప్రార్థన చేసుకుంటున్నాడేమో అనుకునేదాన్ని. నాన్న నవ్వి చెప్పాడు, అడుగులు లెక్కపెట్టుకుంటున్నాడని. అదీ అరవంలో. కుర్రతనంలో ఆయనకు బంతి పట్టుకోవడం నేర్పింది అరక్కోణం నుంచి వచ్చిన ఇంజను డ్రైవరట. అందుకని జీతం లెక్క తెలుగులో, అడుగుల లెక్క అరవంలో. ఒణ్ణు, రెండు, మూణు, నాలు. పదిహేను దగ్గర ఆగి, బంతి పట్టుకున్న ఎడమ మణికట్టు వెనకవైపుతో నుదురు తుడుచుకుని, తిరిగేవాడు. ఆ తర్వాత పరుగు. ఆ పరుగుకు చప్పుడుండేది కాదు. కీపరు చేతుల్లో బంతి పడిన చప్పుడే మాకు వినపడేది. దాన్నిబట్టి అర్థమయ్యేది, మధ్యలో ఏదో చాలా వేగంగా జరిగిపోయిందని.

అన్నిటికన్నా ఆయన్ని చూడాల్సింది బంతి బ్యాట్స్‌మన్ కాలికి తగిలినప్పుడు. పదిమందీ చేతులెత్తి గొంతులు పోయేలా అరుస్తుంటే, వేసిన మనిషి మాత్రం నిదానంగా అంపైరు వైపు తిరిగి, "ఎట్టా సార్?" అని అడిగేవాడు. టైమెంతయింది అన్నట్టు. అంపైరు తల అడ్డంగా ఊపితే, "సరే సార్" అని వెనక్కి నడిచేవాడు. ఒణ్ణు, రెండు, మూణు.

నాన్నకు అది కడుపుమంట. ఒకరోజు టీ తాగేటప్పుడు అడిగాడు. "ఏం నాయనా, కొంచెం గట్టిగా అడిగితే ఏం పోయింది? వారానికొక వికెట్టన్నా వదిలేస్తుండావు."

"అవుటైనోడికి తెలుసు సార్. అంపైరుకీ తెలిసుంటే ఇస్తాడు. తెలీకపోతే నేనరిస్తే తెలస్తాదా?"

"అందరూ అరస్తానే ఉండారు కదా."

"అందుకే సార్. నేనొక్కణ్ణన్నా తక్కువైతే ఆయన చెవులకి కొంచెం సుఖం."

అంత ఆట ఉన్నవాడు పైకి ఎందుకు రాలేదని నన్ను అడగొద్దు. బిట్రగుంటలో పదిమందిని అడిగితే పది కారణాలు చెప్తారు. ఆయన్ని అడిగితే పదకొండోది చెప్పేవాడు. "పై ఊళ్ళో నాకు అన్నం సయించదు" అని.

ఒక ఆదివారం ఎవరో కొట్టిన బంతి గీత దాటి మా బల్ల కిందికి దూసుకొచ్చింది. నేను తీసి విసిరాను. నేల తగలకుండా నేరుగా కీపరు చేతుల్లోకి పోయింది. ఆయన బౌలింగ్ ఆపి, మైదానం సగం దాటి మా దగ్గరికి నడిచొచ్చాడు.

"ఎవరు యిసిరింది?"

తిడతాడని నాన్న వెనక నక్కాను. నాన్న నా భుజం పట్టి ముందుకు తోశాడు. ఆయన నా కుడిచెయ్యి పట్టుకుని, అరచేతిని తిప్పి చూసి, వేళ్ళు లాగి చూసి వదిలేశాడు. ఏమీ అనలేదు. మరుసటి ఆదివారం మాత్రం జేబులో ఒక బత్తాయి కాయ తెచ్చాడు. దాని నడుం చుట్టూ గోటితో గీత గీసి ఉంది, బంతి కుట్టులాగా.

"ఈ గీత మీద రెండు వేళ్ళు పెట్టు. కింద బొటనేలు. అంతే. అరచెయ్యి తగలకూడదు. పిండకూడదు పాపా. రసం కారిందంటే నువ్వు బయపడతుండావని లెక్క."

ఆ కాయను పదిహేను రోజులు పట్టుకు తిరిగాను. పడుకునేటప్పుడు కూడా చేతిలోనే. వాడిపోయి, తొక్క గట్టిపడి రాయిలా అయింది గాని ఒక్క చుక్క కారలేదు. అది చూపిస్తే చూసి, షెడ్డు వెనక నీళ్ళ ట్యాంకు గోడ దగ్గరికి రమ్మన్నాడు. ఆ ఎండాకాలమంతా గోడ మీద సుద్దతో మూడు గీతలు గీసి నా చేత బంతులు వేయించాడు. డ్యూటీ నుంచి పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. "ఆడపిల్లకి ఇది దేనికబ్బా?" అని ఒకాయన అడిగితే, "బంతికి తెల్దులే అన్నా" అన్నాడు, అటు చూడకుండానే.

మరుసటి ఏడు నెల్లూరు టౌను జట్టు వచ్చింది. మన ఎండల్లో స్వెట్టర్లు తొడుక్కుని దిగారు. వాళ్ళ మొదటి ఆటగాడు క్రీజులో నిలబడి చుట్టూ చూసి, ఇదేం మైదానం అన్నట్టు ఒక నవ్వు నవ్వాడు. ఆయన వేసిన రెండో బంతికి మధ్య స్టంపు లేచి కీపరు తల పక్కనుంచి పోయింది. ఆ మధ్యాహ్నం ఎనిమిది వికెట్లు. ఎనిమిదోది రాసేటప్పుడు నాన్న పెన్సిలు మొన విరిగింది. నేను ఇంకోటి అందించాను. భుజాల మీద ఎత్తుకోబోయిన కుర్రాళ్ళను తప్పించుకుని ఆయన మా బల్ల దగ్గరికొచ్చి, వంగి, "సార్, ఆ ఐదోది ఎల్బీ కాదు. కొంచెం బయట పోతా ఉండె" అన్నాడు.

"అంపైరిచ్చినాడు, నేను రాసినాను. ఇంక నువ్వు మాట్లాడవాకు" అన్నాడు నాన్న.

"ఏడు వికెట్లనే రాయండి సార్."

నాన్న పుస్తకం మూసేశాడు. ఆయన నవ్వుతూ షెడ్డు వైపు వెళ్ళిపోయాడు. సాయంత్రం డ్యూటీ ఉంది.

ఆ తర్వాత ఆవిరి ఇంజన్లు పోయాయి. షెడ్డు పలచబడింది, మనుషుల్ని తలో ఊరికీ వేశారు. నాన్న రిటైరై నెల్లూరు చేరాడు, అక్కడే పోయాడు. నాకు కొడవలూరు వైపు బళ్ళో వ్యాయామ ఉపాధ్యాయినిగా ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో, ఆటల్లోకి ఎందుకు రావాలనుకున్నావని అడిగినప్పుడు నేను చెప్పింది ఆరోగ్యం, క్రమశిక్షణ, అలాంటివేవో. నిజం చెప్తే ఉద్యోగం ఇవ్వరేమోననిపించింది. కొత్త బ్యాచి వచ్చిన ప్రతిసారీ పిల్లలకు బత్తాయి కాయ చూపిస్తాను. చెప్పిందెవరో చెప్తాను. నమ్మినట్టే వింటారు.

ముప్పై ఏళ్ళకు మళ్ళీ కనపడ్డాడు. తోటపల్లి గూడూరు దగ్గర ఒక విద్యార్థి ఇంట్లో పెళ్ళికి వెళితే, వాళ్ళ నాన్న రొయ్యల గుంటలు చూపించడానికి తీసుకెళ్ళాడు. పడమటెండ నీళ్ళ మీద పడి కళ్ళు చెదురుతున్నాయి. నీళ్ళు చిమ్మే చక్రాలు గుంట గుంటకూ తిరుగుతున్నాయి. గట్టు మీద ఒక ముసలాయన కుడిచేత్తో మేత చల్లుతూ నడుస్తున్నాడు. ఎడమచెయ్యి తువ్వాలులో చుట్టి పొట్టకు ఆనించుకున్నాడు. గట్టు చివర ఆగాడు, తిరిగాడు. వెనక్కి నడుస్తుంటే పెదవులు కదులుతున్నాయి.

దగ్గరికి వెళ్ళి, "అన్నా, మీది బిట్రగుంట కదూ?" అన్నాను.

"ఎవరు పాపా?" అన్నాడు, ఎండకు చెయ్యి అడ్డం పెట్టి. తల నెరిసిన నన్ను పాపా అన్నాడు, ఎవరో తెలియకుండానే. నాన్న పేరు చెప్పాను. ఆయన మొహంలోకి నిదానంగా ఏదో వచ్చింది. "స్కోరు సారు కూతురా. పెన్సిళ్ళ పాప."

తువ్వాలు ఎందుకని నేను అడగలేదు. ఆయనే తీసి చూపించాడు. ఎడమచెయ్యి మణికట్టు దగ్గర నుంచి వణుకుతోంది, ఆగకుండా. "నరాల జబ్బంట. బిళ్ళలు వేసుకుంటే కొంచెం తగ్గతాది. గుంటకాడ ఎవురు చూస్తారులే" అని మళ్ళీ చుట్టేసుకున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. ఆ గట్టు మీద రేకుల గదిలో ఉంటూ, గుంటలకు కాపలా.

అప్పటి నుంచి ప్రతి రెండో శనివారం వెళ్ళేదాన్ని. స్టవ్వు మీద టీ పెట్టేవాడు. రొయ్యకు తెల్లమచ్చ వస్తే ఎట్లా ఉంటుందో, నీళ్ళ రంగు చూసి రోగం ఎట్లా పసిగట్టాలో గంటలు గంటలు చెప్పేవాడు. క్రికెట్ మాట ఎత్తితే తప్పించుకునేవాడు. నేను వదిలేదాన్ని కాదు.

"నెల్లూరోళ్ళ మీద ఎనిమిది వికెట్లు గుర్తుందా అన్నా?"

"ఏడు."

"ఎనిమిది. నాన్న పుస్తకం నా దగ్గరే ఉంది."

"పుస్తకంలో ఎనిమిది. ఏసిందేడు" అనేవాడు. ప్రతిసారీ ఇదే. ప్రతిసారీ ఇద్దరం నవ్వేవాళ్ళం. ఆ నవ్వు కోసమే అడిగేదాన్నని ఆయనకూ తెలుసు. ఆ రెండేళ్ళు నేను అక్కడితో సరిపెట్టుకుని ఉంటే ఎంత బాగుండేది.

పోయినేడు మా వైపు కుర్రాళ్ళు పెద్ద టోర్నమెంటు పెట్టారు. మైదానం చదును చేయించడానికి, పిల్లల్ని పంపడానికి నా సాయం అడిగారు. చేస్తాను, కానీ ప్రారంభం రోజున ఒక పాత ఆటగాడికి సన్మానం చెయ్యాలన్నాను. వాళ్ళు సంతోషంగా ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది ఆయనొక్కడే.

"వద్దు పాపా" అన్నాడు. టీ గిన్నె దించుతూ, నా వైపు చూడకుండా. "నా ఆట గుర్తుండేవోళ్ళు ఇంకా ఒక నలుగురుంటారేమో. వాళ్ళనట్టా ఉండనీ."

"నలుగురికే ఎందుకు తెలియాలన్నా? మా పిల్లలకు మీ గురించి ఇరవై ఏళ్ళుగా చెప్తుండా. ఒక్కసారి కళ్ళారా చూడనీండి."

"ఏం చూస్తారు?"

"మిమ్మల్ని."

నేను తెల్లచొక్కా కూడా కొని తెచ్చాను. దాన్ని ఆయన ఒడిలో పెట్టాను. "శాలువా కప్పుతారు, రెండు మాటలు చెప్తారు, వచ్చేస్తాం. అంతే" అన్నాను. ఆ చొక్కా మడత విప్పి చూసి, "సారు బిడ్డవి. నీ మాట తీసెయ్యలేను" అన్నాడు. ఆ మాటను నేను ఒప్పుకోలు అనుకున్నాను.

ఆ ఉదయం మైదానంలో షామియానా, పెద్ద సౌండు బాక్సులు, వెయ్యి మందికి పైగా జనం. ప్రారంభించడానికి ఒక నాయకుడు వచ్చాడు. అతను వచ్చేసరికి ఎండ ముదిరింది. నేను తెచ్చిన మనిషి రెండు గంటల పాటు ప్లాస్టిక్ కుర్చీలో, ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. శాలువా కప్పారు. నేను మైకులో మాట్లాడాలని రాసుకున్న కాగితం టైము లేదని పక్కన పెట్టారు. ఇక అయిపోయిందనుకుంటుండగా వ్యాఖ్యానం చెప్పే కుర్రాడు మైకులో ప్రకటించాడు. "ఇప్పుడు మన పాత తరం ఫాస్ట్ బౌలర్ గారు మన ప్రియతమ నాయకుడికి మొదటి బంతి వేస్తారు."

ఆయన తల తిప్పి నా వైపు చూశాడు. "ఇది చెప్పలేదే నువ్వు" అన్నాడు మెల్లగా.

నాకు తెలియదు. ఆ సంగతి దేవుడికి తెలుసు. కానీ లేచి, "వద్దు, ఆయనకు ఒంట్లో బాగుండదు" అనడానికి నాకు నోరు రాలేదు. అంతమంది ముందు నిలబడి ఎట్లా చెప్పడమా అని ఆలోచిస్తున్నంతలోనే ఎవరో ఆయన చేతిలో కొత్త బంతి పెట్టేశారు. ఇంకో మాట కూడా నిజమే చెప్పాలి. నాలో ఎక్కడో ఒక పిచ్చి ఆశ లేచింది. బంతి చేతికి తగిలితే ఆ చెయ్యి పాతదవుతుందేమోనని.

ఆయన జేబులోంచి చెయ్యి తీశాడు. పరిగెత్తలేదు. నాలుగడుగులు వెనక్కి వేసి, నాలుగడుగులు ముందుకొచ్చి చెయ్యి ఎత్తాడు. బంతి పైకి లేవకముందే వేళ్ళలోంచి జారి, ఆయన వెనకాల పడింది. ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒక మూల నుంచి నవ్వు మొదలైంది. ఎవరో బంతి తెచ్చిచ్చారు. రెండోది ఆయన కాళ్ళ దగ్గరే నేలకు కొట్టుకుని పక్కకు దొర్లిపోయింది. "పెద్దాయనకి పొద్దున టిఫిను పెట్టలేదా కమిటీ వాళ్ళు?" అన్నాడు మైకు కుర్రాడు. వాడిలో చెడ్డతనం లేదు, జనాన్ని నవ్వించడం వాడి పని. జనం విరగబడి నవ్వారు. సెల్‌ఫోన్లు లేచాయి. ఆయన వంగి తనే బంతి తీసుకున్నాడు. కుడిచేత్తో ఎడమ మణికట్టును గట్టిగా పట్టుకుని, రెండు చేతులతో మూడోది విసిరాడు, పసిపిల్లలు విసిరినట్టు. అది మెల్లగా దొర్లుకుంటూ పోతుంటే నాయకుడు ఎదురొచ్చి ఒక దెబ్బ కొట్టాడు. టపాసులు పేలాయి. పాట మొదలైంది.

అప్పుడు నా పక్క కుర్చీలో ఉన్న పక్క మండలం పీఈటీ సారు నవ్వు ఆపుకుంటూ అడిగాడు. "మేడం, మీరు చెప్తా ఉండింది ఈయన గురించేనా? నిజంగా అంత వేసేవాడా?"

"ఏమో సార్. మా నాన్న చెప్పేవాడు" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఆ నవ్వు నా వైపుకు కూడా వస్తుందని భయపడ్డాను. అంతకన్నా మంచి కారణం వెతికినా దొరకలేదు. తిరిగి చూస్తే ఆయన నా కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు, శాలువా తీసి కుర్చీ వీపు మీద వేస్తూ. మా బైబిలు వాక్యంలో గురువును ఎరగనని మూడుసార్లు బొంకిన శిష్యుడున్నాడు. నాకు ఒక్కసారే సరిపోయింది.

"బస్సు టైమైంది. పోతుండా" అన్నాడు ఆయన. నేను లేచి, కారులో దింపిస్తానన్నాను. "ఎందుకు మేడం. మీకు పనుంటాది" అన్నాడు.

మేడం. ఆ మాట గట్టిగా కూడా అనలేదు. "సరే సార్" అని అంపైరుతో అన్నట్టే అన్నాడు.

ఆ సాయంత్రానికల్లా వీడియో తయారైంది. జారిపడిన బంతిని మళ్ళీ మళ్ళీ చూపించి, వెనక ఏదో కోతి అరుపు పెట్టారు. సోమవారం మా బళ్ళో పిల్లలు గుంపుగా చూస్తున్నారు. నన్ను చూసి ఫోను దాచారు. అంతవరకూ బత్తాయి కాయ కథ విన్న పిల్లలే.

మర్నాడే గుంటల దగ్గరికి వెళ్ళాను. టీ ఇచ్చాడు, కుర్చీ తుడిచి వేశాడు. "కూర్చోండి మేడం" అన్నాడు. క్షమించమన్నాను. "దేనికి మేడం? నాకు పెద్ద శాలువా కప్పినారు" అన్నాడు. ఎగతాళి కాదు, కోపం కాదు. ఆయన గొంతులో నాకు చోటు లేదు, అంతే. ఆ తర్వాత రెండుసార్లు వెళ్ళాను. రెండోసారి "నెల్లూరోళ్ళ మీద ఎనిమిది కదన్నా" అన్నాను. ఏడని అంటాడని ఎదురుచూశాను.

"అయ్యుంటాయి మేడం. పుస్తకంలో ఉంటే అంతే" అన్నాడు.

మూడోసారి వెళ్ళేసరికి గది తాళం వేసి ఉంది. మానేసి అక్క దగ్గరికి పోయాడని గుంటల యజమాని చెప్పాడు. బిట్రగుంట మా బడి నుంచి గంట దారి. తొమ్మిది నెలలు నేను పోలేదు. పోవాలని అనుకున్న ప్రతి శనివారం ఏదో ఒక పని కల్పించుకున్నాను.

ఆటో కుర్రాడు చెప్పిన మరునాడు సెలవు పెట్టి వెళ్ళాను. కాలనీలో సగం క్వార్టర్లు కూలి, తుమ్మచెట్లు మొలిచాయి. స్టేషను అవతల చిన్న పెంకుటింట్లో ఉంది వాళ్ళక్క. ఎనభై దాటి ఉంటుంది. నన్ను గుర్తుపట్టలేదు. నాన్న పేరు చెప్పినా గుర్తు రాలేదు. ఎవరో కాలనీ పిల్లనని మాత్రం అర్థం చేసుకుని మంచం చూపించి కూర్చోమంది.

"నిద్దట్లోనే పోయినాడు. బాధపడలా" అంది. కాసేపు కళ్ళు తుడుచుకుని, ఎవరో ఒకరు వినాలన్నట్టు చెప్పడం మొదలుపెట్టింది. "ఈమధ్య ఒకటే అబద్ధం నేర్చినాడమ్మా. అరుగు మీద కూర్చోనుంటే పాత రైల్వేవోళ్ళు వచ్చి, నువ్వు ఆ బౌలరువు కదబ్బా అంటారు. ఈడు, నేను గాదు, మా అన్న, ఆయన పోయి శానా కాలమైంది అంటాడు. వాళ్ళు పాపం అయ్యో అని పోతారు. నేను లోపల్నుంచి వింటా ఉంటా."

"మీకు అన్న ఉండేవాడా?" అని అడిగాను.

"యాడమ్మా. మేమిద్దరమే."

బయట గూడ్సు బండి పోతోంది. నేనెవరో, ఏం చేశానో చెప్పాలని నోరు తెరిచాను. ఆమె అంతకుముందే నా చెయ్యి పట్టుకుంది.

"మీరు కాలనీ పిల్ల కదా. మీరు వాడి ఆట చూసినారా? నేనెప్పుడూ చూడలేదమ్మా. ఆదివారమంతా నాకు వంటా, ఆ ప్యాంటు ఉతుకుడే సరిపోయె. ఆడంగులు ఆడికి పోయేది గూడా లేదు. ఊరంతా పొగడతా ఉండె. ఎట్టా వేసేవాడు? కొంచెం చెప్పండి."

"చూశానమ్మా" అన్నాను.

చెప్పడానికి కళ్ళు మూసుకున్నాను. నాన్న బల్ల దగ్గర కూర్చుని వందసార్లు చూసిన పరుగు అది. పదిహేను అడుగుల దూరం నుంచి ఆయన్ని బయలుదేరదీశాను. తెల్లచొక్కా కనపడింది, చెయ్యి లేచింది, బంతి వేళ్ళలోంచి జారి వెనకాల పడింది. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అదే వచ్చింది. చుట్టూ నవ్వులు. ఇంకోసారి. ఆ చెయ్యి నాకు తిన్నగా పైకి లేవలేదు.

ముసలామె నా మొహం వైపు చూస్తూ, ఆశగా, చెయ్యి వదలకుండా కూర్చుంది.

"చాలా వేగంగా వేసేవాడమ్మా" అన్నాను. అంతకుమించి నాకేమీ రాలేదు.